చెత్తబుట్ట ఎవరి పేరున?

గాజువాక ఆటోనగర్‌లో ఒక లారీ షెడ్డు మీది వాటాలోకి మారాం. సామాన్లు సర్దిన మర్నాడు తెలిసింది, ఇంట్లో చెత్తబుట్టల్లేవని. ప్రభుత్వం ఇచ్చిన మూడు రంగుల బుట్టల్నీ ముందు అద్దెకున్నవాళ్ళు పట్టుకుపోయారట. మళ్ళీ ఇప్పిస్తారేమోనని ఒక కౌంటరు దగ్గర అడిగాను. "ఇల్లెవరి పేరునుందమ్మా?" అన్నాడు అక్కడి కుర్రాడు. ఇంటాయన పేరున అన్నాను. "అయితే ఆయన్నే రమ్మనండి." ఆయనేమో వేరే ఊళ్ళో కూతురి దగ్గరుంటారు. జన్మలో ఆ బుట్ట ఎత్తి ఉండరు. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఆలోచన మొదలైంది. బుట్ట ఒకరి పేరున, ఎత్తే చెయ్యి ఇంకొకరిది. ఈ ఏర్పాటు ఎప్పటిది?

మా అమ్మమ్మ ఇంట్లో చెత్తబుట్ట అనే వస్తువే లేదు. కూరగాయల తొక్కులు కుడితి గోలెంలోకి, పొయ్యిలో బూడిద అంట్లు తోమడానికి, పేడా కసువూ పెరట్లో గత్తపు కుప్ప మీదికి. వేసవిలో ఆ గత్తం బళ్ళ మీద పొలానికి వెళ్ళేది. అంతమాత్రాన అదొక స్వర్ణయుగమని నేననను. చీకటితో లేచి వాకిలి ఊడ్చేదీ, పేడతట్ట నెత్తికెత్తుకునేదీ ఆడవాళ్ళే. పట్నాల్లో పాయిఖానా దొడ్ల నుంచి వచ్చే తట్ట ఏ కులాల స్త్రీల నెత్తిన ఉండేదో మనకు తెలియంది కాదు.

1971 జనవరి 20న ఇందిరాగాంధీ విశాఖ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. దానికోసం భూములు పోగొట్టుకున్న ఊళ్ళవాళ్ళు గాజువాక చుట్టుపక్కల నిర్వాసిత కాలనీల్లో సర్దుకున్నారు. పొలం పోయింది, పశువులు పోయాయి, పెరడు పోయింది. వెళ్ళడానికి పొలం లేనప్పుడు గత్తం చెత్తవుతుంది. మురికి అనేది వస్తువు గుణం కాదనీ, మనం నిర్ణయించిన చోటు తప్పి ఉన్నదాన్నే మురికి అంటామనీ మేరీ డగ్లస్ 1966లో వివరించింది. ఇక్కడ వస్తువు చోటు తప్పలేదు. చోటునే తీసేశారు. పోయిన పెరటికి బదులు బుట్ట వచ్చింది.

బుట్టను చట్టం తప్పనిసరి చేసిన సందర్భాల్లో పేరుపొందింది పారిస్‌ది. 1883 నవంబరులో అక్కడి పాలనాధికారి యూజీన్ పూబెల్, ప్రతి భవన యజమానీ అద్దెకున్నవాళ్ళకి మూతలున్న డబ్బాలు ఏర్పాటు చెయ్యాలని ఉత్తర్వు ఇచ్చాడు. కుళ్ళేవి ఒకదాంట్లో, కాగితాలూ గుడ్డపేలికలూ ఇంకోదాంట్లో, గాజూ పింగాణీ మూడోదాంట్లో. మూడు బుట్టల ఆలోచన అంత పాతది. యజమాని బాధ్యత కొనివ్వడం వరకే. వాటిని వీధిలోకి చేర్చే పని భవనాల కాపలా గదుల్లో బతికేవాళ్ళది. చెత్త ఏరుకునేవాళ్ళు తమ కూడు పోతుందని గొడవపడ్డారు. ఆ అధికారి పేరే ఫ్రెంచిలో చెత్తబుట్టకి పేరైపోయింది. మోసినవాళ్ళ పేర్లు ఏ నిఘంటువులోకీ రాలేదు.

1895లో షికాగోలో జేన్ ఆడమ్స్ తన వార్డుకి చెత్త ఇన్‌స్పెక్టరుగా నియమితురాలై, తెల్లవారుతూనే చెత్తబళ్ళ వెంట తిరిగింది. ఇంటి శుభ్రత ఆడవాళ్ళ పనే అయితే వీధీ నగరమూ ఆ ఇంటికి కొనసాగింపే కదా అన్నది ఆనాటి స్త్రీల వాదన. ఆ వాదన వాళ్ళకి నగరపాలనలో చోటు సంపాదించి పెట్టింది. కానీ శుభ్రత స్త్రీధర్మం అన్న మాటని మాత్రం కదపలేదు, ఇంకా గట్టిచేసింది.

మన దేశంలోనూ దీన్ని కోర్టుకెక్కించిందొక స్త్రీ. ఇంజనీరు అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం ఫలితంగానే 2000లో పట్టణ ఘనవ్యర్థాల నిబంధనలు వచ్చాయి. 2016 నిబంధనలు తడి, పొడి, ప్రమాదకర చెత్తల్ని పుట్టినచోటే విడదియ్యమన్నాయి. మన రాష్ట్రంలో 2021 అక్టోబరు 2న 'క్లాప్' పథకం మొదలై ఆకుపచ్చ, నీలం, ఎరుపు బుట్టలు ఇళ్ళకి వచ్చాయి. వాటితోపాటు నెలనెలా రుసుమూ వచ్చింది. జనం దాన్ని చెత్తపన్ను అన్నారు. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు దాని రద్దు ప్రకటించారు. ఆ మూడేళ్ళూ పన్ను గురించి ఎంత చర్చ జరిగిందో! రోజూ మూడు బుట్టల్లోకి వేరుచేసే పని గురించి ఎవరూ మాట్లాడలేదు. నిబంధనల భాషలో మనమంతా 'వ్యర్థాల ఉత్పత్తిదారులం'. ఉత్పత్తి చేసేది ఇంటిల్లిపాదీ, విడదీసేది ఒక్కతే. తప్పు జరిగితే మాట పడేదీ ఆమే. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు కదా.

అయితే ఈ కథ ఇల్లాలి దగ్గర ఆగిపోదు. నేను కాగితంలో చుట్టి పారేసిన ప్యాడ్‌ని విప్పి చూస్తే తప్ప అదేమిటో తెలియని ఇంకో స్త్రీ ఉంది. విశాఖలో పారిశుద్ధ్య కార్మికుల్లో రెల్లి కులంవాళ్ళు ఎక్కువ. చుట్టడానికి తయారీదారులే కవర్లు ఇవ్వాలని 2016 నిబంధనలు చెప్పాయి. పుణేలో 1993లో సంఘం పెట్టుకున్న చెత్త ఏరే స్త్రీలు ఆ తర్వాత 'స్వచ్ఛ్' సహకార సంస్థగా ఇంటింటి చెత్త సేకరణ చేపట్టారు. పొట్లం మీద ఒక ఎర్రచుక్క పెట్టమని వాళ్ళు ఇళ్ళవాళ్ళని అడిగారు. ఎంత చిన్న కోరిక! అది వాళ్ళు అడిగేదాకా మనకి తట్టలేదు.

నా చదువు సాహిత్యం కాబట్టి ఈ మాట కూడా చెప్పాలి. 'నీలిమేఘాలు' 1993లో వచ్చింది. ఆ తరం స్త్రీవాద కవిత్వం ఇంటిచాకిరీకి లెక్క కట్టింది, విమల 'వంటిల్లు' మనల్ని కుదిపింది. కానీ వంటింటి దాకా వచ్చిన మన చూపు పెరటి గుమ్మం దగ్గర ఆగింది. ఆ గుమ్మం అవతల నిలబడ్డ స్త్రీ ఎవరని దళిత స్త్రీలు నిలదీశారు. 2003లో 'నల్లపొద్దు' వాళ్ళ రచనల్ని ఒకచోట చేర్చింది. నా సిద్ధాంత వ్యాసంలో ఈ రెండింటి గురించీ రాశాను. రోజూ నా బుట్ట ఎత్తే ఆమెను మాత్రం ఏమీ అడగలేదు.

చివరికి నా బుట్ట కింద షెడ్డులోంచే వచ్చింది. వెల్డింగు చేసే పెద్దాయన ఖాళీ రంగుడబ్బాని అడ్డంగా కోసి ఇచ్చాడు. మర్నాడు బండితో వచ్చినామె దాన్ని ఎత్తబోయి దించేసింది.

"ఇలగైతే సేతులు తెగిపోతాయి తల్లీ. అంచు మడతెట్టించి, అటో సెవీ ఇటో సెవీ అతికించమను. నువ్వు దినానికోసారి ఎత్తుతావు. నాను వీధి వీధంతా ఎత్తాల."

డబ్బా పట్టుకుని మళ్ళీ కిందికెళ్ళాను. పది నిమిషాల పని. "ముందే చెప్పొచ్చు కదమ్మా" అన్నాడాయన. నాకూ తెలియదు మరి. పారిస్ నుంచి ఆటోనగర్ దాకా బుట్ట ఎవరి పేరున ఉండాలో, ఏ రంగులో ఉండాలో, ఎంత పన్ను కట్టాలో అన్నీ ఆలోచించారు. అంచు ఎలా ఉండాలో ఆమెను ముందే అడగాల్సింది.