పంక్చరు అరగంట పని ఎలా అయింది?



డొంకలో సైకిల్‌కి తుమ్మముల్లు దిగితే ఏం చేస్తాం? టైరు ఒక పక్క విప్పి, ట్యూబు లాగి, గాలి కొట్టి నీళ్లలో ముంచుతాం. బుడగలొచ్చిన చోట తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, అది కాస్త ఆరాక ముక్క అంటిస్తాం. అరగంట పని. ఈ సులువు మొదట్నుంచీ లేదండీ.

ఒకప్పుడు సైకిళ్లకు గట్టి రబ్బరు టైర్లే ఉండేవి. బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరు జాన్ బాయిడ్ డన్‌లప్, కొడుకు మూడుచక్రాల బండి కుదుపు తగ్గించాలని గాలి టైరు చేసి, 1888లో పేటెంటు తీసుకున్నాడు. కుదుపు తగ్గింది గానీ ఆ టైరును రిమ్ముకు జిగురుతో అంటించేవాళ్లు.

ఫ్రాన్సులో మిషెలిన్ అన్నదమ్ములది వ్యవసాయ పనిముట్లు, రబ్బరు సామాను చేసే ఫ్యాక్టరీ. 1889లో ఒకాయన పంక్చరైన అలాంటి టైరుతో వాళ్ల దగ్గరికొచ్చాడు. బాగుచెయ్యడానికి మూడు గంటలు, జిగురు ఆరడానికి రాత్రంతా పట్టింది. అదీ నిలవలేదు. అప్పుడు వాళ్లు విప్పి మళ్లీ బిగించుకునే టైరు మీద పడ్డారు. 1891లో అది తయారైంది. అదే ఏడాది పారిస్ నుంచి బ్రెస్ట్ వెళ్లి తిరిగొచ్చే సుమారు 1200 కిలోమీటర్ల పందెంలో షార్ల్ తెరోన్ ఆ టైర్లతోనే గెలిచాడు.

గాలి టైరు మంచిదే. కానీ దారిలో మనమే బాగుచేసుకునే వీలు వచ్చాకే అది సామాన్యుడికి పనికొచ్చింది. రేపు స్ప్రేయరు కొన్నా, మోటారు కొన్నా మైలేజీ, రేటు ఒక్కటే చూడకండి. చెడిపోతే మన ఊళ్లో బాగవుతుందా అని ముందు అడగండి.