ఉత్తరాంధ్ర క్రీడాచరిత్రకు ఆధారంగా రికార్డు ప్రసారం

ప్రస్తావన

క్రీడాచరిత్ర రచనకు పత్రికావార్తలు, ఫలితాల పట్టికలు, క్రీడాకారుల జ్ఞాపకాలు ప్రధానాధారాలుగా ఉంటూ వచ్చాయి. టెలివిజన్ ప్రసారాల రికార్డింగులు కూడా ఇప్పుడు ఆ వరుసలో చేరాయి. కంటితో చూసినదానికి మరో సాక్ష్యం అక్కరలేదనిపించడం సహజం. అయితే ఏ ఆధారాన్నైనా పరిశీలించినట్లే రికార్డింగునూ పరిశీలించాలి: అది దేనిని భద్రపరచింది, దేనిని విడిచిపెట్టింది? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వెయిట్‌లిఫ్టర్లు ఇద్దరు పాల్గొన్న అంతర్జాతీయ పోటీల ఆధారంగా ఈ ప్రశ్నను చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

విన్న ఆట, చూసిన ఆట

దృశ్యప్రసారానికి పూర్వమే ఈ ప్రాంతానికి క్రీడాఖ్యాతి ఉంది. పూర్వపు శ్రీకాకుళం జిల్లా వీరఘట్టానికి చెందిన కోడి రామమూర్తి నాయుడు బలప్రదర్శనలు ప్రధానంగా జనం చెప్పుకొనే కథనాలుగానే మనకు అందాయి. విజయనగర రాజకుటుంబీకుడు, 1936లో ఇంగ్లండులో పర్యటించిన భారత క్రికెట్ జట్టు నాయకుడు అయిన విజ్జీ (1905–1965) అనంతరకాలంలో రేడియో వ్యాఖ్యాతగా ప్రసిద్ధుడయ్యాడు. ఆయన వ్యాఖ్యానభాష ఇంగ్లీషు. మొదటి సందర్భంలో ఆట కథనమైంది. రెండవ సందర్భంలో స్వరమైంది. దృశ్యంగా మారిన దశకు కరణం మల్లీశ్వరి పతకం ప్రధానోదాహరణ.

సిడ్నీ, 2000

మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌కు ఒలింపిక్స్‌లో తొలిసారి చోటు దక్కింది 2000లో, సిడ్నీలో. ఆమదాలవలస సమీపంలోని ఊసవానిపేటకు చెందిన మల్లీశ్వరి సెప్టెంబరు 19న 69 కిలోల విభాగంలో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ అయింది. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. స్వర్ణం గెలిచిన చైనా క్రీడాకారిణి లిన్ వైనింగ్, రజతం గెలిచిన హంగేరీ క్రీడాకారిణి ఎర్జెబెత్ మార్కుష్ ఇద్దరి మొత్తం 242.5 కిలోలే. అంటే కాంస్యానికీ స్వర్ణానికీ మధ్య అంతరం రెండున్నర కిలోలు.

చివరి ప్రయత్నంలో మల్లీశ్వరి 137.5 కిలోలకు పూనుకొంది, ఎత్తలేకపోయింది. ఎత్తి ఉంటే మొత్తం 247.5 అయ్యేది. 132.5 ఎత్తి ఉంటే మొత్తం పై ఇద్దరితో సమమయ్యేది. సమమైనప్పుడు శరీరబరువు తక్కువగా ఉన్నవారిది పైచేయి అన్నది నాటి నియమం. ఆ చివరి ప్రయత్నం వెనుక ఇంత లెక్క ఉంది. పతక ప్రదానాన్నీ, విజయవంతమైన ఒక లిఫ్టునూ మాత్రమే చూపే ముఖ్యాంశాల రికార్డింగులో ఈ లెక్క కనబడదు. చూపరికి కాంస్యం కనిపిస్తుంది గాని, స్వర్ణం కోసం చేసిన సాహసం కనిపించదు.

ప్రసార నాణ్యత అంటే ఏమిటి?

ఈ సందర్భంలో గోల్ఫ్‌తో పోలిక ఉపకరిస్తుంది. గోల్ఫ్‌లో ఒకే సమయంలో మైదానంలోని పలుచోట్ల ఆట సాగుతుంది. అందుచేత ప్రత్యక్ష ప్రసారంలో సైతం కొద్దిసేపటి క్రితం కొట్టిన దెబ్బలను రికార్డింగు నుంచి తెచ్చి కలుపుతారు. అక్కడ కూర్పరి నేర్పే ప్రసార నాణ్యత. వెయిట్‌లిఫ్టింగ్‌లో వేదిక ఒకటే, ఒకసారి ఎత్తేది ఒక్కరే; లిఫ్టు కొన్ని క్షణాలలో ముగుస్తుంది. ముగ్గురు నిర్ణేతలలో ఇద్దరి తెల్లదీపాలు వెలిగితే ప్రయత్నం చెల్లుతుంది. బొమ్మను పట్టడం తేలిక. అసలు ఆట మాత్రం శిక్షకులు బరువును పెంచడంలో, వేచి ఉండడంలో, ప్రత్యర్థి మొత్తాన్ని లెక్కించడంలో ఉంది. కాబట్టి ఇక్కడ నాణ్యత బొమ్మ స్పష్టతతో తీరదు. తెరమీది అంకెలూ వ్యాఖ్యాత వివరణా దానిని నిర్ణయిస్తాయి.

ఒలింపిక్స్‌లో ఆతిథ్య ప్రసారసంస్థ రూపొందించే దృశ్యాన్నే వివిధ దేశాల సంస్థలు స్వీకరిస్తాయి. వ్యాఖ్యానం మాత్రం తమదిగా చేర్చుకోవచ్చు. ఆ కారణంగా ఒక భాషాసమాజం తన క్రీడాకారిణి ఆటను తన మాటల్లో భద్రపరచుకొనే అవకాశం ప్రధానంగా వ్యాఖ్యానంలోనే ఉంది.

గ్లాస్గో, 2014

పూర్తి రికార్డింగు సైతం తుది సాక్ష్యం కాదనడానికి విజయనగరం జిల్లా కొండవెలగాడకు చెందిన మత్స సంతోషి ఉదంతం నిదర్శనం. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలలో 53 కిలోల విభాగంలో ఆమె మూడవ స్థానంలో నిలిచింది. స్వర్ణం గెలిచిన నైజీరియా క్రీడాకారిణి డోపింగ్ పరీక్షలో విఫలమై అనర్హురాలు కావడంతో సంతోషి కాంస్యం రజతంగా మారింది. ప్రదానోత్సవ దృశ్యంలో ఆమె నేటికీ మూడవ మెట్టు మీదే నిలబడి ఉంటుంది. ఫలితాల పట్టికలో రెండవ స్థానంలో ఉంటుంది. రెండూ నిజాలే. మొదటిది ఆనాటి సంఘటన, రెండవది అనంతర నిర్ణయం. పట్టికను చూడకుండా దృశ్యాన్ని నమ్మిన పరిశోధకుడు ఆమెకు న్యాయంగా దక్కిన పతకాన్ని తగ్గించినవాడవుతాడు.

ముగింపు

మల్లీశ్వరి విషయంలో కత్తిరించిన రికార్డింగు పోటీలోని నిర్ణయాన్ని దాచింది; సంతోషి విషయంలో పూర్తి రికార్డింగు కూడా తుదిఫలితాన్ని చెప్పజాలదు. కనుక ఉత్తరాంధ్ర క్రీడాచరిత్రను రాసేవారు ప్రతి ప్రయత్నాన్నీ చూపే పూర్తి రికార్డింగును సేకరించి, అధికారిక ఫలితాలతో సరిపోల్చి, తెలుగులో వివరణను జతచేయాలి. ఆ పోటీలలో పాల్గొన్నవారు, శిక్షణ ఇచ్చినవారు మన మధ్య ఉండగానే, ఆ వివరణను వారి నోట నమోదు చేయడం అత్యవసరం. లేకుంటే తరువాతి తరాలకు పతకం బొమ్మ మిగులుతుంది, 137.5 కిలోల బార్‌బెల్ ముందు నిలబడిన ఆ నిమిషానికి అర్థం మిగలదు.