చేపముల్లు కాలువ

చొల్లంగి అమావాస్యనాడు, అనగా పుష్య బహుళాంతమున, సాగరసంగమ స్నానమొనర్చి సప్తసాగరయాత్రకు ఉపక్రమించు యాత్రికులు మ్రొక్కునది గోదావరికిని సముద్రునకును గూడ. ఆ రెండు జలములును ఒకదానిలోనికొకటి ప్రవేశించి మరల వెనుదీయుచుండెడి తావుననే, ఆ తీర్థమునకు చేరువగా, కోరంగి మడ అడవి వెలసియున్నది. దినమునకు రెండుమారులు పోటు వచ్చి చెట్ల వేళ్లను ముంచును. రెండుమారులు పాటు తీసి ఆ వేళ్లకు ఊపిరాడనిచ్చును. అమావాస్యా పౌర్ణములయందు పోటు ఉద్ధృతమై, తక్కిన దినములలో తడియని మెరకలను సైతము తాకి పోవును. ఈ రాకపోకలే అడవికి ప్రాణము. ఈ సత్యమును మరచినందువలన ఎంత అడవి నశించెనో, దానిని మరల గుర్తించినందువలన ఒక సామాన్యమైన మట్టికాలువ ఎట్లు పుట్టెనో చెప్పవలెనని నా కోరిక.

మడ అడవియని ఒక్క పేరుతో పిలిచినను అందులో తెల్లమడ, నల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న మొదలైన జాతులు కలవు. బురదనుండి శూలములవలె పైకి పొడుచుకొని వచ్చి గాలిని పీల్చు వేళ్లు మడచెట్టునకు సహజము. ఉప్పుపొన్న గింజయైతే తల్లికొమ్మను విడువకమునుపే మొలకెత్తి, ఈటెవలె సాగి, పిదప క్రిందికి జారి బురదలో నాటుకొనును. రాలిన ఆకు క్రుళ్లి రొయ్యపిల్లకు మేతయగును. వేళ్లసందులు పెద్దచేపల కంటబడకుండ చిన్నచేపలు పెరుగు ఊయలతొట్లగును. మండపీతయేమి, పండుగప్పయేమి, టైగరు రొయ్యయేమి, జాలరి బుట్టకెక్కు ఈ ధనములో ఎంతయో భాగము తన బాల్యమును ఇట్టి బురదలోనే గడపినది. వాటిని వెదకికొని బావురుపిల్లియు, నీటికుక్కయు, వలసపక్షులును చేరును.

ఇట్టి అడవిని మనము చిరకాలము కట్టెలదొడ్డిగా చూచితిమి. ఆంగ్లేయుల పాలనలో స్థిరపడిన కూపుల పద్ధతి ననుసరించి, అడవిని ఖండములుగా విభజించి, ఒక్కొక్క ఖండమును నిశ్శేషముగా నరికి వంటచెరకునకు పంపుటయు, మరల వంతు వచ్చునప్పటికి అది తనంతట తాను పెరిగియుండునని నమ్ముటయు ఆనాటి విధానము. ఆ నమ్మకము ఇచ్చట చెల్లలేదు. నీడ తొలగిన బంకనేల ఎండకు బయటపడెను; తడి ఆవిరియైపోగా మన్ను కుంగి, నడుమ పల్లమును అంచున మెరకయుగల పళ్లెమువలె మారెను. పెద్దపోటునాడు ఆ పళ్లెములోనికి ఎక్కిన నీరు దిగిపోవుటకు దారిలేక నిలిచెను, నిలిచినది ఎండెను, ఎండినచోట ఉప్పు మిగిలెను. ఏటికేడు ఉప్పుమీద ఉప్పు పేరుకొని, ఉప్పునీటనే పుట్టి పెరుగు చెట్టు సైతము భరింపలేని చవుడు ఏర్పడెను. కొట్టుకొనివచ్చిన విత్తనములు ఆ పర్రమీద మాడిపోవుచుండెను.

1978లో కోరంగి అభయారణ్యముగా ప్రకటింపబడిన పిదపను ఆ బయళ్లు పచ్చబడలేదు. వ్రేలు చూపుటకు పొరుగు పల్లెలు సిద్ధముగా నుండెను: పొయ్యిలోనికి పుల్ల విరుచు స్త్రీలు, మేతకు తిరుగు పసులు. అందులో కొంత నిజము లేకపోలేదు. కాని పుల్ల విరిచినచోట అడవి పలచబడునే గాని నేల కుంగదు. నేరము పేదవాని కత్తిది కాదు, పటముమీద గీతలు గీసి కూపులు పంచిన విధానముదని తేలుటకు ఏండ్లు గడచెను. అన్నినాళ్లు ఆ నిందను మోసిన పల్లెలను తలచినప్పుడు నాకు మిక్కిలి బాధ కలుగును.

దీనిని తేల్చినవారు 1988లో చెన్నపట్టణమున నెలకొన్న ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవారు. చిదంబరమునకు చేరువనున్న పిచ్చావరపు మడలో, 1990 దశకమున, తమిళనాటి అటవీశాఖతో కలిసి పరిశీలింపగా, రోగము మొక్కది కాదనియు, నీటికి దారి తప్పుటయే సర్వమునకు మూలమనియు వారికి స్పష్టమయ్యెను. ఆ జ్ఞానము పిదప గోదావరీ కృష్ణా ముఖద్వారములకు వచ్చెను.

నీటికి ఆ దారిని మరల కల్పించుటకై వాగునుండి పర్రలోనికి ఒక పెద్దకాలువయు, దానికి ఇరుప్రక్కల ఏటవాలుగా చిన్నకాలువలును త్రవ్వుదురు. పైనుండి చూచినచో తిని విడిచిన చేపముల్లే: వెన్నుముల్లు ఒకటి, ప్రక్కముండ్లు అనేకము. నిలువుగోడలైనచో బంకమన్ను విరిగిపడునుగాన కాలువను పైన వెడల్పుగను అడుగున ఇరుకుగను తీర్చుదురు. మొక్కను గట్టుమీద నాటరు, అడుగునను నాటరు. గట్టున తడి చాలదు, అడుగున ఊపిరాడదు. కావున వాలు నడుమ నాటుదురు. పోటు కాలువవెంట ఎక్కి, పాటువేళ నేలలోని ఉప్పును కడిగికొనిపోవును. ఇంతకుమించి ఇందులో మర్మము లేదు. ఇంత సులభమైనది ఇంత ఆలస్యముగా తోచుటయే ఆశ్చర్యము. మట్లపాలెము వంటి పల్లెలవారు సమితులుగా ఏర్పడి అటవీశాఖతో చేయికలిపిరి. మునుపు నిందపడినవారి చేతులే పార పట్టెను.

ఈ కాలువకు ఒక బలహీనత కలదు. ప్రాణమిచ్చు పోటే ఒండ్రును గూడ మోసికొని వచ్చి దానిని పూడ్చుచుండును. అప్పుడప్పుడు మోకాటిలోతు బురదలో నిలిచి పూడిక తీయవలెను. మానినచోట నీరు మరల నిలువనారంభించును. మొక్క చెట్టగుటకు ఏండ్లు పట్టును. జలచరములు మాత్రము అంతవరకు ఆగవు: కాలువ నోరు తెరచిన పిదప, వాలున ఒక్క ఆకైనను నీడనీయకమునుపే, పోటువెంట రొయ్యపిల్లలు లోనికి వచ్చును.