ఇత్తడి బిళ్ల ఊడిన ఇంజన్ ఎవరిది?

నిలువుగా ఒకే సిలిండర్, అటూ ఇటూ రెండు బరువైన చక్రాలు. ఆయిల్ ఇంజన్‌కు ఈ రెండూ కనిపిస్తే చాలు, పాతతరం రైతులు దాన్ని లిస్టర్ అనేస్తారు. నరసరావుపేట, గురజాల, మాచర్ల చేలలో ఇంకా మిగిలిన పాత ఇంజన్లను పాత ఇనుముకు వేసేలోగా, వాటి అసలు పుట్టుక తేల్చుకోవడం అవసరం. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. కాలువ అందని మెరక చేలకు మాత్రం బావే దిక్కు, ఆ నీళ్లు పైకి తోడటానికి ఇంజనే దిక్కుగా ఉండేది.

అసలు లిస్టర్ పుట్టింది ఇంగ్లండ్‌లోని డర్స్‌లీలో. ఆ కంపెనీని 1867లో రాబర్ట్ ఆష్టన్ లిస్టర్ స్థాపించాడు. అతని తండ్రి జార్జ్ లిస్టర్ దగ్గర అంతకుముందే ఎడ్విన్ బడ్డింగ్ అనే మెకానిక్ పనిచేశాడు. ఉన్ని బట్ట మీది నూగు కోసే యంత్రం చూసి, ఆ పద్ధతిలోనే పచ్చిక కత్తిరించే యంత్రాన్ని తయారుచేసి 1830లో పేటెంటు పొందినవాడు ఇతనే. పచ్చిక యంత్రం చేసినవాడికీ మన బావి గట్టు ఇంజన్‌కూ ఒకే చిన్న ఊరితో చుట్టరికం ఉండటం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

డర్స్‌లీలో 1929లో మొదలైన లిస్టర్ సీఎస్ రకం ఇంజన్ 1987 దాకా తయారైంది. ఆరు హార్స్‌పవర్ ఇంజన్ నిమిషానికి 650 చుట్లు తిరిగేది. దాన్ని చూసి పోతపోసిన ఇంజన్లు గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో రకరకాల పేర్లతో తయారయ్యాయి. బయటికి రెండూ ఒకలాగే ఉంటాయి.

ఇత్తడి బిళ్ల ఉంటే నంబరు, హార్స్‌పవర్, వేగం అన్నీ దాని మీదే దొరుకుతాయి. కానీ బిళ్లను ఊడదీసి మరో ఇంజన్‌కు బిగించడం ఎంతసేపు? అందుకే నేను ముందు పోత చూడమంటాను. రంగు గీకి, లోహంలోనే పోసిన అక్షరాలు వెతకాలి. అసలు భాగాన్నే అచ్చుగా పెట్టి మళ్లీ పోస్తే అక్షరాల అంచులు మొద్దుబారతాయి. పోత ఇనుము చల్లారేటప్పుడు సుమారు వందో వంతు కుంచించుకుంటుంది కాబట్టి ఆ నకలు కొలతలో కాస్త చిన్నదవుతుంది. తర్వాత బోల్టులు. ఇంగ్లండ్ విట్‌వర్త్ మరచుట్ల కోణం 55 డిగ్రీలు, మెట్రిక్ వాటిది 60. మెట్రిక్ పానా సరిగ్గా పట్టిందంటే ఆ బోల్టు తర్వాత వచ్చిందని అనుమానించాలి. ఒక్క బోల్టుతో తీర్పు చెప్పకూడదు, ఎందుకంటే అరిగినవాటిని మెకానిక్‌లు దొరికినవాటితో మారుస్తూనే ఉంటారు.

ఒక్కోసారి మొండెం మీద డర్స్‌లీ పేరుంటుంది, హెడ్ రాజ్‌కోట్‌ది, చక్రం ఇంకెక్కడిదో. అలాంటిదానికి ఒకే పేరు రాసి ఊరుకోకూడదు. ఏ భాగం ఎక్కడిదో విడివిడిగా రాసి, అది తోడిన బావి ఏ ఊరిదో కూడా పక్కనే రాయాలి.