నీటి స్నేహము

పిండిలో నీరు పోసి కలిపినచో ముద్ద యగును. పొడిపొడిగా నుండిన రేణువులను పట్టియుంచిన దేది? 17వ శతాబ్దమున ఆంధ్రుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహమున దీనికి స్నేహమని పేరిడి, యది జలమునకు మాత్రమే గల గుణమని నిర్ణయించెను. గురుసన్నిధిని మేమా గ్రంథము వల్లించునప్పుడు, నూనెకు స్నేహము లేదాయని యడిగితిమి. అందును జలాంశమే కలదని సమాధానము వచ్చెడిది. ఆ సమాధానమును నేటి రసాయనశాస్త్ర మొప్పుకొనదు గాని, ప్రశ్న మాత్రము గట్టిది.

1916లో అమెరికా దేశపు లూయిస్, పరమాణువులు రెండు ఎలక్ట్రానుల జంటను ఉమ్మడిసొత్తుగా ననుభవించి కలియుచున్నవనెను. ఆ యేటనే జర్మనీదేశపు కాసెల్ మఱియొక బంధమును వివరించెను: ఒకటి ఎలక్ట్రాను నిచ్చును, మఱియొకటి పుచ్చుకొనును, ఆపై ధనఋణ విద్యుత్తులు పరస్పరము లాగుకొనును. మన ఉప్పుగల్లు ఇట్టిది. 1920లో లాటిమరు, రోడ్‌బుష్ అనువారు నీటి అణువుల నడిమి సంబంధమును గుర్తించిరి. ఒక అణువునందలి హైడ్రోజను పొరుగు అణువునందలి ఆక్సిజనువైపు మొగ్గును. ఈ హైడ్రోజను బంధము అణువులోపలి బంధములో ఇంచుమించు ఇరువదవ వంతు బలము గలది. అన్నంభట్టు స్నేహమునకు దీనికంటె దగ్గఱి చుట్టము నాకు కనబడలేదు.

నీరు మరుగునప్పుడు తెగునది ఈ బలహీనబంధమే. అణువు చీలదు, ఆవిరియు నీరే. దీనిని మాప్రాంతమువా రెఱుగుట యావశ్యకము. తిరువూరు సీమలో పెక్కు బోరుబావుల నీట ఫ్లోరైడు గలదు. ఋణవిద్యుత్తు గల యీ కణమును నీటి అణువులు చుట్టుముట్టి, ఱాతినుండి కరగించి తెచ్చును. కాచిన నీరు మంచిదని మన నమ్మకము. క్రిములవిషయమున నది నిజమే. కాని రెండు చెంబుల నీరు మరిగి ఒక చెంబైనచో, రెండు చెంబుల ఫ్లోరైడును ఆ యొక్క చెంబులోనే నిలుచును.

లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించినచో నిది హానికరము. ఎముకలలోను దంతములలోను కాల్షియము నంటియున్న హైడ్రాక్సిల్ స్థానమును, ఇంచుమించు అంతే పరిమాణము గల ఫ్లోరైడు ఆక్రమించును. దంతములకు గోధుమవన్నె చారలు, పిమ్మట నడుము బిగిసి వంగుట. 1937లో షార్టు ప్రభృతి వైద్యులు నాటి నెల్లూరు జిల్లాలో నీ వ్యాధిని గుర్తించి ప్రకటించిరి. మా ఎ.కొండూరు తండాలలో పెక్కిండ్లను కూల్చిన మూత్రపిండవ్యాధికి నిదియే మూలమని నేననను. దాని కారణమును శాస్త్రజ్ఞులు నిర్ధారింపలేదు.

1970 దశకమున నాగపురపు పరిశోధకులు నల్లగొండ పేర నొక పద్ధతి నేర్పఱచిరి. సున్నమును పటికయు తగుపాళ్ల కలిపిన నీట అల్యూమినియపు తెట్టె పుట్టి, ఫ్లోరైడును తన కంటించుకొని క్రిందికి దిగును. పాళ్లు నీటిని పరీక్షించి నిర్ణయింపవలెను. చిటికెడు పటికతో తీఱునది కాదు. తేరిన నీటిని మెల్లగా వంచుకొని, అడుగు మడ్డిని బావికి దూరముగా పాఱబోయవలెను; లేనిచో విడిచినది మరల ఊటలోనికే దిగును.