రాతి గోడల్లో దాగిన షోనా చరిత్ర

జింబాబ్వేకు వచ్చే యాత్రికులు ముందు విక్టోరియా జలపాతానికే వెళతారు. 1.7 కిలోమీటర్ల వెడల్పున్న జాంబెజీ ప్రవాహం వంద మీటర్ల లోతుకు దూకుతుంటే తుంపరలు మబ్బులా పైకి లేస్తాయి. స్థానికులు దాన్ని ‘మోసి-ఓవా-తున్యా’ అంటారు, ‘ఉరిమే పొగ’ అని అర్థం. అదే ప్రాంతంలో హ్వాంగే అభయారణ్యం ఉంది. వానల్లేని నెలల్లో అక్కడి నీటిగుంటల చుట్టూ ఏనుగుల మందలు మూగుతాయి.

చాలామంది అక్కడి నుంచే వెనుదిరుగుతారు. ఆ దేశానికి పేరిచ్చిన చోటు మాత్రం ఆగ్నేయాన, మస్వింగో పట్టణానికి దగ్గర్లో ఉంది.

దాని పేరు గ్రేట్ జింబాబ్వే. షోనా భాషలో జింబాబ్వే అంటే రాతి ఇళ్లు. షోనాల పూర్వీకులు 11 నుంచి 15వ శతాబ్దం దాకా కట్టుకున్న రాజధాని ఇది. పెద్ద ప్రాకారం చుట్టుకొలత 250 మీటర్లు, ఎత్తు కొన్నిచోట్ల 11 మీటర్లు. దగ్గరికెళ్లి చూస్తే రాళ్ల మధ్య సున్నం లేదు, మట్టి లేదు. పొరలుగా విడిపోయే గ్రానైట్‌ను ఇటుకల్లా కొట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయారంతే. తవ్వకాల్లో చైనా పింగాణీ ముక్కలు, భారతదేశపు గాజుపూసలు దొరికాయి. ఇక్కడి బంగారం హిందూ మహాసముద్ర తీరానికి చేరి, బదులుగా తెచ్చిన సరుకులవి.

1871లో జర్మన్ యాత్రికుడు కార్ల్ మౌఖ్ ఇక్కడి ద్వారబంధం నుంచి ఒక చెక్కముక్క కోశాడు. అది తన పెన్సిల్ చెక్కలాగే ఉంది కాబట్టి లెబనాన్ దేవదారు అన్నాడు, కట్టించింది బైబిల్‌లోని షేబా రాణి అని తేల్చేశాడు! నల్లవాళ్లకు ఇంత పనితనం ఎక్కడిదన్న అహంకారమే ఆ మాటను బతికించింది. ఆఫ్రికన్లే కట్టారని 1905లో రాండల్-మకైవర్, 1929లో గెర్ట్రూడ్ కేటన్-థాంప్సన్ తవ్వకాలతో రుజువు చేసినా వలస పాలకులకు రుచించలేదు. అదే నిజాన్ని చెప్పిన పురావస్తు శాస్త్రవేత్త పీటర్ గార్లేక్ 1970లో రొడీషియా (జింబాబ్వేకు అప్పటి పేరు) వదిలి వెళ్లాల్సి వచ్చింది.

1980లో స్వతంత్ర దేశం ఈ శిథిలాల పేరే పెట్టుకుంది. ఇక్కడ దొరికిన బలపపురాతి పక్షిని జెండా మీదికి ఎక్కించింది. వలసకాలంలో తరలిపోయిన అలాంటి పక్షి శిల్పాల్లో కొన్నింటిని దక్షిణాఫ్రికా 1981లో తిరిగి ఇచ్చింది. ఏనుగుల కోసం అంతదూరం వెళ్లేవారు మస్వింగోకు ఒక రోజు కేటాయించాలి, ఆ గోడల పక్కన నడిచి చూడాలి.