విచోలుల పూసలపని - దాని సంకేతార్థము

మెక్సికో దేశపు పశ్చిమభాగమున సియెర్రా మాద్రే యను పర్వతపంక్తి కలదు. అందు హలిస్కో, నయారిత్, దురాంగో మండలముల సరిహద్దులయందు నివసించు నొక ప్రాచీనజాతివారికి విచోలులని పేరు. వారు తమ్ముఁ దాము విర్రారికా యని చెప్పుకొందురు. వీరి పూసలపని నేఁడు దేశదేశముల ప్రసిద్ధి కెక్కినది. 2010వ సంవత్సరమున నెనమండుగురు విచోలు పనివారు ఫోక్స్‌వాగన్ మోటారుబండి నొకదానిని 20 లక్షలకుఁ బైగా గాజుపూసలతోఁ గప్పిరి. చూచినవారెల్ల నది ప్రాచీనసంప్రదాయమని కొనియాడిరి. అట్లనుట యెంతవఱకు సమంజసమో విచారింపవలసియున్నది.

ద్రవ్యమును బట్టి చూచినచో నీ విద్య ప్రాచీనమని చెప్ప వీలులేదు. గాజుపూస మెక్సికోలోఁ బుట్టినది కాదు. 1521లో స్పెయినువారు ఆస్తెకుల రాజధానిని జయించిన పిమ్మటనే యైరోపా పూస లా దేశమున వ్యాపించినవి. అంతకుఁ బూర్వ మచటి జనులు గుల్లలతోను, ఱాళ్లతోను, ఎముకలతోను, మట్టితోను, విత్తులతోను పూసలు చేసికొనెడివారు. నేఁడు విచోలులు వాడు పూసలు చెకు దేశమునుండియు జపానునుండియు వచ్చుచున్నవి. అంగళ్లలోఁ గానవచ్చు జంతువుల తలలును, ముఖాకృతులును, సందులేకుండఁ బూసలు పొదిగినవి, ఇరువదవ శతాబ్దమున విక్రయార్థము పుట్టినవే. ఇంతమాత్రమున నిది నవీనమని త్రోసివేయుదు మేని మఱియొక సాక్ష్యమున కుత్తరము చెప్పవలసి వచ్చును.

నార్వే దేశీయుఁడగు కార్ల్ లుంహోల్ట్జ్ పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకమున నా కొండలలో సంచరించి, విచోలుల సంకేతములను గూర్చి 1900లో నొక గ్రంథమును, వారి యలంకారకళను గూర్చి 1904లో వేఱొక గ్రంథమును బ్రకటించెను. ఆతఁడు వర్ణించిన వస్తువులలో మొక్కుబడిగిన్నెలు ముఖ్యములు. సొరబుఱ్ఱను రెండుగాఁ గోసి, లోపలిప్రక్క తేనెమైనము పూసి, మైనముతో బొమ్మలు తీర్చి, అందందు పూసల నద్దుదురు. ఒక్కొక్కచో మొక్కజొన్నగింజలును, నాణెములును గూడ నద్దుట కలదు. ఇట్టి గిన్నెను దేవగృహమునందో, గుహయందో, నీటియూటకడనో సమర్పింతురు. దేవతలు దానినుండి భక్తుని ప్రార్థనమును ద్రావుదురని వారి విశ్వాసము. పూస లచట మిక్కిలి కొలఁదిగనే యుండును. గిన్నె నిండుటకంటె కోరిక స్పష్టమగుటయే వారికిఁ బ్రధానము.

ఇఁక నా కోరిక యెట్టిదో చూతము. గిన్నెలయందును, పూసలయల్లికలయందును మాటిమాటికిఁ గానవచ్చు రూపములు లేడి, మొక్కజొన్న, హికురి యనునవి. హికురి యనఁగా ముండ్లులేని చిన్న జెముడుజాతి మొక్క. పెయోటే యనియు దానికిఁ బేరు. అది తూర్పుననున్న విరికుత యెడారిలో మొలచును. విచోలులు యాత్రచేసి దానిఁ దెత్తురు. దేవతామృగమగు లేడి యడుగుజాడలలో నది పుట్టినదని వారి కథ. అందుచే మొదటిసారి కంటఁబడిన హికురిని లేడినిబోలె బాణముతోఁ గొట్టుదురు. లేడి, హికురి, మొక్కజొన్న యీ మూఁడును వస్తుతః ఒక్కటియే యని వారు భావింతురని లుంహోల్ట్జ్ గుర్తించెను. సర్పము వానకును నీటికిని గుర్తు. వానకాలమునఁ బూచు తోతో యను తెల్లని పువ్వు పైరునకు గుర్తు. కావున రూపములు పెక్కులైనను వాని ఫలితార్థ మొక్కటియే: వాన కురియవలెను, పైరు పండవలెను, సంతతి నిలువవలెను. అక్షరములెఱుఁగని కాలమున నీ జాతివారు దేవతలకుఁ బెట్టుకొన్న విన్నపములని వీనిని జెప్పవచ్చును.

దీనినిబట్టి యొక సిద్ధాంత మేర్పడుచున్నది. విత్తు పోయి గాజు వచ్చినను విన్నపము మాఱలేదు. సంప్రదాయమునకుఁ బ్రమాణము ప్రయోజనమే గాని ద్రవ్యము గాదు. అయినచో, నంగడిలోని గిన్నె మాట యేమి? దానిపైని లేడియు నదే, మొక్కజొన్నయు నదే. కాని యది దేవతయొద్దకుఁ బోదు; కొన్నవాని యింటికిఁ బోవును. వాక్య మున్నది, సంబోధ్యుఁడు లేఁడు. ఈ భేదమును బాటింపక రెంటిని నొకచోఁ జేర్చి వ్యాఖ్యానించువారు, అలంకారమునకై వేసిన గీఱలకు సైతము మంత్రార్థముఁ గల్పింతురు. ప్రదర్శనశాలలు ప్రతివస్తువుకడను సమర్పిత మిది, విక్రేయ మిది యని వ్రాసియుంచుట యావశ్యకము.

ఇట్లనుట విక్రయించువారిని నిందించుటకు గాదు. కొండలలో సేద్యముచే జరుగని సంసారములు పెక్కు పూసలపనిచే జరుగుచున్నవి. విక్రయించు పనివారిలోఁ బలువురు యాత్రికులే. ఒక్క చేయియే యంగడికొక గిన్నెయు, దేవతకొక గిన్నెయుఁ జేయఁగలదు. 2025లో ఐక్యరాజ్యసమితి విద్యావిజ్ఞానసంస్కృతిసంస్థ విరికుతకుఁ బోవు యాత్రామార్గమును ప్రపంచవారసత్వ స్థానములలోఁ జేర్చినది. 500 కిలోమీటర్లకుఁ బైబడిన యా మార్గముననున్న గుహలును, నీటియూటలును నిలిచి, అచటికిఁ గానుక మోయువారున్నంతకాలము, పూస యేదేశమునుండి వచ్చినను, విచోలుల గిన్నె ప్రాచీనమే. ఆ యాత్ర నిలిచిపోయిననాఁడు మాత్రము ఎంత నేర్పుతో నద్దిన పూసయు వట్టి గాజే యగును.